ఏడో నంబరు ఫారం

అంగన్‌వాడీలో గుడ్లు లెక్కపెట్టే చేత్తోనే
ఓట్లు కూడా లెక్కపెట్టమన్నారు.
సంకలో జాబితా, బ్యాగులో రెండు పెన్నులు,
గుడిపాల దాటి ఎర్రమట్టిమిట్ట దాకా
రెండు వారాలు తిరిగినాను.

తాళం వేసి ఉంటే మూడుసార్లు రావాల,
అట్లని కాగితంలో ఉంది.
యానాది కాలనీలో పదకొండో ఇంటికి
తాళం లేదు, తలుపుంటే కదా.
తడికె పక్కకు జరిపి చూస్తే
చల్లబడిన పొయ్యి, అందులో ముడుచుకున్న పిల్లి.
"ఈ యమ్మ యాడ?" అంటే
మాజీ మెంబరు బామ్మర్ది, బీడీ ఆర్పకుండానే,
"పోయింది మేడం" అన్నాడు.

పోయింది.
ఆ మాటకు మన దగ్గర ఎన్ని దోవలో.
సంతకు పోయింది. కూలికి పోయింది.
ఎవురిదో మామిడితోపుకు కాపలా పోయింది.
నాలుగున్నరకు నా బస్సు.
ఏడో నంబరు ఫారం తీసి
కారణం దగ్గర
మరణం అని రాసినాను.

మే నెల. బడిలో పోలింగు.
గోడ మీద పిల్లలు గీసిన జెండాలో
చక్రానికి ఇరవై ఆకులే,
చోటు చాల్లేదంట.
సున్నం గుండ్రాల్లో వరసగా కాళ్లు.
చెంచులమ్మ వచ్చింది, మానికల చెంచులమ్మ,
ముంజేతులకు మామిడి సొన కాల్చిన మచ్చలతో.

"నీ పేరు మీద గీత ఉందమ్మా" అన్నాడు ఆఫీసరు.
"గీత ఎవురు సామీ? మా ఇండ్లల్లో ఆ పేరే లేదే."
"అంటే, నువ్వు చనిపోయినట్టు."
లైనంతా నవ్వింది. ముందు ఆమె కూడా నవ్వింది.
తర్వాత నవ్వలేదు.
"పోయిన్నెల బియ్యం తీసుకుంటి.
ఏలు పెడితే ఆ మిషన్‌కు నేను బతికే ఉండా.
ఈ మిషన్‌కు ఎట్ల సస్తి?"

చీటీలిచ్చే బల్ల దగ్గర నేను
తల ఎత్తలేదు.
ముందు రాత్రి మా వీధిలో కరెంటు పోయింది,
వచ్చేసరికి గడప గడపకీ ఒక కవరు.
మా ఆయన మాట్లాడకుండా బియ్యం డబ్బాలో పెట్టినాడు.
నేనూ మాట్లాడలేదు.
చెంచులమ్మకు కవరు కూడా రాలేదు.
మనల్ని కొనాలన్నా
జాబితాలో ఉండాల.

జులైలో తోతాపురి ధర పడిపోయింది.
గుజ్జు ఫ్యాక్టరీ ముందర మూడు దినాలు ట్రాక్టర్లు,
రోడ్డు పక్కన కుప్పలు, ఈగలు, తీపి కంపు.
తోపాయన కాపలా కూలి ఎగ్గొట్టినాడు.
ఆ వారమే ఆమె అంగన్‌వాడీకి వచ్చింది,
చేతిలో ఫొటో, వెంట పదో తరగతి మనవరాలు.
"ఆరో నంబరు కాగితం ఉందంట గదా, అది ఇయ్యి."

నింపతా నింపతా చెప్పేసినాను,
నిన్ను సంపింది నేనే అని.
"తెలుసులేమ్మా, పెన్ను నీదే గదా" అనింది.
"ఇంకోతూరి వస్తే తోపులోకి రా.
నాలుగు మైళ్లే. కుక్క ఉంటాది,
పేరు పెట్టి పిలిస్తే ఏమనదు."

జనవరిలో కొత్త జాబితా.
మానికల కంచులమ్మ, వయసు నూట పద్నాలుగు.
ఫొటో మాత్రం ఆమెదే,
నా తప్పును చూసినట్టే చూస్తా ఉంది.
సవరణకు ఎనిమిదో నంబరు ఫారం.
ఈతూరి బస్సు వదిలేసి
తోపు దోవ పట్టినాను.

మొదటి చెట్టు దాటినాక గుర్తొచ్చింది,
కుక్క పేరు అడగనే లేదు.
అది ఎగిరెగిరి అరుస్తా ఉంటే
గుడిసెలోంచి కేక: "ఎవురది?"
"నేనేమ్మా, ఓట్లామెను."

వయసు చదివి వినిపిస్తే
కడుపు పట్టుకొని నవ్వింది.
"నూట పద్నాలుగా! ఉండనీ తల్లీ, కొట్టెయ్యొద్దు.
అన్నేండ్లు బతికితే
మా కాలనీకి కుళాయన్నా చూస్తానేమో."

రాళ్ల మీద కూర్చొని
పుట్టిన సంవత్సరం అడగతా ఉండాను.
పెద్ద వాన పడిన ఏడు అంటాది.
కుక్క ఇంకా అరుస్తానే ఉంది.